బంద్ రోజు కూడా ఆకుపచ్చే

నన్ను ఎవరైనా ఓర్వలేనిదని అంటే ఆ రోజుల్లో పెద్ద గొడవే పెట్టుకునేదాన్ని. ఇప్పుడు ఒప్పుకుంటాను. నాకు కుళ్లు ఉండేది. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే ముద్ద దిగనంత కుళ్లు. అదంతా ఒక్క మనిషి మీద. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడు, నోరారా అక్కా అని పిలిచేవాడు, ఏనాడూ నాకు చెడు చేయనివాడు. చెడు చేసి ఉంటే కాస్త హాయిగా ఉండేది నాకు.

ముందు నా పనేమిటో చెప్పాలి. నారాయణగూడలో ఒక మూడో అంతస్తులో మా కంపెనీ. కోచింగ్ సెంటర్లకు కంప్యూటర్ ల్యాబ్‌లు పెట్టి, వాటిని చూసుకోవడం మా వ్యాపారం. అశోక్‌నగర్‌లో నాలుగు, చిక్కడపల్లి, నారాయణగూడ, బర్కత్‌పురల్లో రెండేసి, రాంనగర్‌లో ఒకటి, మొత్తం పదకొండు ల్యాబ్‌లు. బ్యాంకు పరీక్షలు కాగితం మీద నుంచి కంప్యూటర్ మీదికి మారుతున్న కాలం అది. జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు, మౌస్ పట్టుకోవడం కూడా అప్పుడే నేర్చుకుంటూ, మా మెషిన్ల ముందు కూర్చుని ప్రాక్టీసు పరీక్షలు రాసేవారు. అన్ని మెషిన్లలో పరీక్ష ఒకేలా రావాలి, టైము ఒకేలా నడవాలి. ఒక ల్యాబ్‌లో తేడా వస్తే అక్కడి పిల్లలు తప్పు పరీక్షకు తయారవుతారు. ఆ తేడా రాకుండా చూడడమే నా పని.

ఆరేళ్లు ఆ పని ఫోన్ మీదే చేశాను. పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే పది దాకా రిసీవర్ చెవికే ఉండేది. నిన్న పంపిన మార్పు ఎక్కిందా, ఎన్ని మెషిన్లు ఆన్ అయ్యాయి, ఎన్ని మొండికేశాయి అని పదకొండు ల్యాబ్‌లనూ వరసగా అడిగేదాన్ని. అవతలివాళ్లు అబద్ధం చెబితే ఇట్టే పట్టేసేదాన్ని. రాంనగర్ ల్యాబ్ చూసుకునే పెద్దాయన, మేమంతా అన్నా అనే పిలిచేవాళ్లం, అన్నీ నడుస్తున్నాయని రోజూ ఒకే పాట పాడేవాడు. ఆయన వెనకాల మెషిన్ల ఫ్యాన్ల హోరు వినిపించకపోతే ఆయన ఇంకా రోడ్డు మీదే ఉన్నట్టు. ముందు లోపలికి పోయి మాట్లాడమనేదాన్ని. నవ్వేసేవాడు.

ఫోన్లయ్యాక ఒక పొడుగాటి రిజిస్టర్ తీసేదాన్ని. ఏ లోపం దొరికినా అందులో మూడు గడులు నింపాలి. ఎవరు కనిపెట్టారు, ఎప్పుడు కనిపెట్టారు, ఎలా సరిచేశారు. ఆ గడులు గీసింది నేనే. ఎవరైనా వచ్చి మాటలతో ఏదో చెప్పబోతే, నోటిమాట నాకొద్దు, రాసింది చూపించు అనేదాన్ని. ఆఫీసులో నన్ను వెక్కిరించాలంటే ఆ మాటనే నా గొంతుతో అనేవాళ్లు. నాకు కోపం వచ్చేది కాదు, కాస్త గర్వంగానే ఉండేది.

ఇంతలో అతను వచ్చాడు. సిద్దిపేట వైపు పల్లె. గ్రూప్స్ రాద్దామని వచ్చి అశోక్‌నగర్ హాస్టల్‌లో రెండేళ్లుగా ఉంటున్నాడు. నోటిఫికేషన్ ఎంతకీ పడకపోయేసరికి మా దగ్గర చేరాడు. చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని ఒక పక్క పోటీ పరీక్షల పుస్తకాలు, ఇంకో పక్క నెట్ సెంటర్‌లో ప్రింటు తీసుకున్న సర్వర్ల పాఠాలు చదివేవాడట. పని నేర్పమని సార్ నాకే అప్పగించారు. సార్ అంటే మా కంపెనీ యజమాని. మొదటి వారంలోనే అతన్ని సర్వర్ ముందు కూర్చోబెట్టి, ఇక్కడ ఏ కమాండ్ కొట్టినా ఎవరు కొట్టారో, ఎన్ని గంటలకు కొట్టారో అది రాసి పెట్టుకుంటుందని, ఒళ్లు దగ్గర పెట్టుకుని కొట్టమని చెప్పాను. అతను తలూపి, ఆ మాట కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

నాలుగు నెలలు తిరక్కుండానే అతను కొత్త పద్ధతి ఒకటి తెచ్చాడు. ప్రతి మెషిన్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ పెట్టాలి. దాన్ని క్లయింట్ అంటారు. అది అరగంటకోసారి మా సర్వర్‌ని పలకరించి, కొత్త మార్పులేమైనా ఉన్నాయా అని అడుగుతుంది. ఉంటే తీసుకుని తనంతట తానే సరిచేసుకుని, అయిందనో కుదరలేదనో చెప్పి పోతుంది. ఇవన్నీ ఒకచోట కనిపించేలా అతను ఒక పేజీ తయారు చేశాడు. మెషిన్‌కొక గడి. అయిందని చెప్పినది ఆకుపచ్చ, కుదరలేదన్నది ఎరుపు. రెండు వందల యాభై చిల్లర గడులు ఒక్క తెరమీద.

సార్ అందరినీ పిలిచి చూపించారు. రాంనగర్‌లో ఏదో గడి ఎర్రగా ఉంటే, అతను కూర్చున్నచోటు నుంచే ఏదో సరిచేశాడు, కాసేపటికి అది ఆకుపచ్చగా మారింది. సార్ చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "ఇగ పొద్దున పొద్దున ఆ ఫోన్ల లొల్లి బంద్" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా ఆరేళ్ల పనికి ఆయన పెట్టిన పేరు లొల్లి.

మర్నాటి నుంచి పొద్దున తొమ్మిదింటికి నాకు పని లేదు. ఫోన్ ఎదురుగా ఉండేది. చేయి అలవాటుగా దాని మీదికి పోయేది, వెనక్కి తీసుకునేదాన్ని. సార్ ఆ పేజీని రంగుల ప్రింటు తీయించి తలుపు పక్కన అంటించారు, వచ్చిన ప్రతి కోచింగ్ సెంటర్ ఓనరుకీ చూపించడానికి. బాత్‌రూముకి పోవాలన్నా దాని ముందునుంచే పోవాలి. నా రిజిస్టర్‌ని కూడా అతను కంప్యూటర్‌లోకి ఎక్కించాడు, నా మూడు గడులూ అలాగే ఉంచి. బాగుందని ఒక్క మాట అనలేకపోయాను. వంకలు పెట్టి ఒకటి రెండు మార్పులు చేయించాను. అడిగినవన్నీ మారు మాట్లాడకుండా చేశాడు.

ఇల్లయినా నాది అనుకుంటే అదీ దక్కలేదు. జ్వరంతో ఇంట్లో ఉన్న రోజు సర్వర్ గది తాళంచెవి కోసం చిక్కడపల్లిలో మా ఇంటికి వచ్చాడు. మా అమ్మ అతన్ని కూర్చోబెట్టి సర్వపిండి పెట్టింది. అతను తింటూనే టీవీలో ఆమె చూసే ఛానెళ్లన్నీ వరసగా ఒక దగ్గరికి చేర్చి, రిమోట్ ఎలా నొక్కాలో రెండుసార్లు చూపించి పోయాడు. గుమ్మం దాటీ దాటకముందే అమ్మ మొదలుపెట్టింది. "ఎంత ఒద్దికగున్నడే పోరడు. నువ్వు ఒక్కనాడన్న నాకు గిట్ల పెట్టిచ్చినవా?" నాకు జ్వరం ఇంకో డిగ్రీ పెరిగింది.

ఆ నెలలోనే సార్ టీమ్ లీడ్ అని ఒక పోస్టు పెడుతున్నానని చెప్పారు. ఎవరికి ఇచ్చేదీ నెలాఖరు మీటింగ్‌లో చెబుతానన్నారు. అందరూ అతనికే అనుకున్నారు, ఒకరిద్దరు నా ముందే అతనికి ముందస్తు అభినందనలు కూడా చెప్పారు. అతను సిగ్గుపడి, ముందు అక్క ఉన్నది కదా అన్నాడు. ఆ మాట నన్ను మరీ కాల్చేసింది. దయతో పక్కకు జరిగి దారి ఇచ్చేవాడి ముందు నుంచి నడవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ పోస్టు నాకు కావాలి. అంతకంటే ఎక్కువగా, అది అతనికి రాకూడదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఆ ఏడాది బంద్‌లు ఎన్నో. నెలాఖరుకు వారం ముందు ఒక బంద్ పడింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు, షట్టర్లన్నీ కిందికే. ఆఫీసుకు రానక్కర్లేదని సార్ ముందురోజే చెప్పారు. నేను మాత్రం పని ఉందని అమ్మకు చెప్పి చిక్కడపల్లి నుంచి నడిచి వెళ్లాను. నారాయణగూడ మెయిన్ రోడ్డు నడిమధ్య పిల్లలు ఇటుకలు పేర్చి క్రికెట్ ఆడుతున్నారు. వాచ్‌మన్ పక్క గేటు తెరిచాడు. నిజానికి పనేమీ లేదు. అతని కుర్చీ ఖాళీగా ఉండే రోజు కావాలి నాకు. అతను రాసినదాంట్లో ఎక్కడో ఒక తప్పు ఉండకపోదు, నెమ్మదిగా కూర్చుని వెతకాలి. అంత కచ్చతో ఏ పరీక్షకూ చదవలేదు నేను.

ఎక్కువసేపు వెతకనక్కర్లేకపోయింది. ముందుగా పేజీ తెరిచాను. అన్నీ ఆకుపచ్చ. రోజూ చూసేదే కాబట్టి మొదట ఏమీ అనిపించలేదు. కిటికీలోంచి బయటికి చూశాను. ఎదురు బిల్డింగ్‌లో మా ల్యాబే ఒకటి ఉంది. షట్టర్‌కు తాళం. మళ్లీ తెర చూశాను. ఆ ల్యాబ్‌లోని ఇరవై రెండు మెషిన్లూ ఆకుపచ్చ. ఊరంతా బంద్. అశోక్‌నగర్ బంద్, బర్కత్‌పుర బంద్, ఏ ల్యాబ్‌లోనూ ఒక్క మెషిన్ కూడా ఆన్ అయి ఉండదు. అయినా నా ముందు రెండు వందల యాభై మెషిన్లు మేం బాగున్నాం అంటున్నాయి.

అతని తప్పు నాకు అర్థమైంది. మెషిన్ చివరిసారి చెప్పింది ఏమిటో మాత్రమే అతని పేజీ చూస్తుంది. ఎప్పుడు చెప్పిందో చూడదు. కుదరలేదని చెబితే ఎరుపవుతుంది, అసలేమీ చెప్పకుండా ఊరుకుంటే పాత ఆకుపచ్చలోనే ఉండిపోతుంది. రాత్రుళ్లు ల్యాబ్‌లు మూసినప్పుడూ అలాగే ఉండి ఉంటుంది, కానీ ఆ వేళ ఆఫీసులో పేజీ చూసేవాళ్లెవరూ ఉండరు. పట్టపగలు ఊరంతా మూసి ఉంటే తప్ప అది బయటపడదు. నేను సర్వర్‌లోకి వెళ్లి, ఒక్కో ల్యాబ్ చివరిసారి ఎప్పుడు పలికిందో చూపే కమాండ్ కొట్టాను. పది ల్యాబ్‌లు నిన్న సాయంత్రం పలికాయి. రాంనగర్ మాత్రం పలికి ఆరు రోజులైంది.

సిగ్గుపడుతూనే రాస్తున్నాను, అప్పుడు నాకు కలిగింది సంతోషమే. అయ్యో రాంనగర్ అని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. చేతికి దొరికాడు అనిపించింది. నెలాఖరు మీటింగ్‌లో, అందరి ముందు, తలుపు పక్కన అంటించిన ఆ రంగుల కాగితాన్ని చూపిస్తూ ఎలా మొదలుపెట్టాలో ఇంటిదాకా నడుస్తూ మాటలు పేర్చుకున్నాను. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. జ్వరం తర్వాత నోరు తెరుచుకుందని అమ్మ సంబరపడింది.

మర్నాడు తొమ్మిదింటికి నా కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ ఎదురుగా ఉంది. రాంనగర్ నంబరు చూడకుండా కొట్టగలను. ఒక్క నిమిషం మాట్లాడితే అక్కడేం జరిగిందో అన్న చెప్పేస్తాడు. చెబితే అప్పుడే సరిచేయాల్సి వస్తుంది. సరిచేస్తే మీటింగ్‌లో చూపించడానికి ఏముంటుంది? ఫోన్ల లొల్లి బంద్ అన్నారు కదా, బంద్ అంటే బందే, అనుకున్నాను. ఆరేళ్లలో వేల ఫోన్లు చేసినదాన్ని ఆ ఒక్క ఫోన్ చేయలేదు.

ఇంకో రోజు గడిచాక పరీక్ష పద్ధతి మారిందని కబురు వచ్చింది. ఇంతకాలం రెండున్నర గంటలున్న పరీక్షను రెండు గంటలకు తగ్గించారు. ప్రాక్టీసు పరీక్షల్లో కూడా టైము తగ్గించాలి. ఆ మార్పు రాసి సర్వర్‌లో పెట్టే పని సార్ నాకే ఇచ్చారు. నూట యాభై నిమిషాలు అని ఉన్నచోట నూట ఇరవై అని మార్చాను. పంపే మీట నొక్కబోతుంటే రాంనగర్ గుర్తుకొచ్చింది. ఇది అక్కడికి చేరదని నాకు తెలుసు. ఎన్నో రోజులు కాదు, మీటింగ్ ఇంకో నాలుగు రోజుల్లో ఉంది అనుకుని నొక్కాను. సాయంత్రానికి పేజీలో అన్ని గడులూ ఆకుపచ్చే, రాంనగర్‌తో సహా. అతను నా దగ్గరికి వచ్చి, మీరు పంపిన మార్పు ఒక్క ఎరుపు లేకుండా ఎక్కింది అక్కా అని మెచ్చుకున్నాడు.

మీటింగ్ జరగలేదు. ఒకసారి మరో బంద్ అడ్డొచ్చింది, ఇంకోసారి సార్ పెళ్లికి పోయారు. ప్రతి వాయిదాకీ నాకు రాంనగర్ సంగతి చెప్పేయాలనిపించేది. ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి అనే భయం కూడా రోజురోజుకీ పెరిగేది. చెప్పడం ఒక్కో రోజు గడిచినకొద్దీ కష్టమైపోయింది. ఆ పేజీని తలుపు పక్కన చూసినప్పుడల్లా అతని మీద కోపం వచ్చేది, ఇంత పెద్ద తప్పు చేసి హాయిగా ఎలా టీ తాగుతున్నాడని. నా తప్పు నాకు కనిపించేది కాదు. కనిపించినా అది అతని తప్పులోంచి పుట్టిన తప్పే కదా అనుకునేదాన్ని.

బంద్ అయిన పందొమ్మిదో రోజు ఒక అమ్మాయి మెట్లెక్కి మా ఆఫీసుకు వచ్చింది. భుజానికి సంచి, చేతిలో నలిగిన నోట్‌బుక్. రాంనగర్ ల్యాబ్‌లో ప్రాక్టీసు చేస్తుందట, అక్కడి అన్నను అడిగితే మాకేం తెలవదు, నారాయణగూడ వాళ్లని అడుగు అని పంపించాడట. గది మొదట్లో ఉన్నది నా టేబులే కాబట్టి నా ముందే నిలబడింది. అశోక్‌నగర్ సెంటర్‌లో చదివే స్నేహితురాలితో లెక్క చూసుకుంటే తేడా వచ్చిందని, అక్కడ పరీక్ష రెండు గంటలకే మూసుకుపోతోందని, వీళ్లకు మాత్రం రెండున్నర గంటలు నడుస్తోందని చెప్పింది. ఏది నిజమని అడిగింది. రెండు గంటలే నిజమని చెప్పాను. ఆమె నోట్‌బుక్ తెరిచి రోజువారీ రాసుకున్న టైములు చూపించింది. అన్నీ రెండు గంటల ఇరవై నిమిషాల దగ్గర ఆగాయి.

"రోజు పది నిమిషాలు మిగులుతున్నయని మురిసిన మేడం" అంది. "ఆదివారమే పరీక్ష."

ఏడవలేదు. నోట్‌బుక్ సంచిలో పెట్టుకుంటూ, ఈ మూడు రోజుల్లో ఏమన్నా చేయొచ్చా అని తనలో తనే గొణుక్కుంది. నా వెనక టేబుల్ నుంచి అతను లేచి వచ్చాడు. అంతా విన్నాడు. తన పేజీ తెరిచి రాంనగర్ గడులు చూశాడు, అన్నీ ఆకుపచ్చ. కారణం వెతకడానికి ఆగలేదు, ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఆటోలో రాంనగర్ పోయాడు.

సాయంత్రానికి సంగతి తేలింది. ల్యాబ్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారు. కొత్తగా పెట్టిన రౌటర్ డబ్బాలో మా సర్వర్‌కు వచ్చే దారి మూసి ఉంది. మెషిన్లు ఆ గదిలో మామూలుగానే నడిచాయి, పరీక్షలు మామూలుగానే రాయించాయి, మమ్మల్ని పలకరించడం ఒక్కటే మానేశాయి. అతను ఇరవై నాలుగు మెషిన్ల దగ్గరా కూర్చుని అన్నీ సరిచేసి వచ్చాడు. సార్ గట్టిగానే అడిగారు, నీ పేజీలో ఎందుకు కనపడలేదని. అతను సాకులేమీ చెప్పలేదు. "నాదే తప్పు సార్. ఏం చెప్పింది అనే చూసిన, ఎప్పుడు చెప్పింది అని చూడలే" అన్నాడు. నేను ఎన్నో రోజులుగా పేర్చుకున్న వాక్యం, నాకంటే చక్కగా, తనే చెప్పేశాడు.

నేను రాంనగర్ అన్నకు ఫోన్ చేశాను, ఏదో ఒకటి చేయాలి కదా అని. కనెక్షన్ మార్చిన సంగతి చెప్పొద్దా అని మందలించాను. "మీరు ఫోన్ చేస్తలేరు గద మేడం, అంత మంచిగనే ఉందనుకున్న" అన్నాడాయన. వెనకాల ఫ్యాన్ల హోరు స్పష్టంగా వినిపిస్తోంది.

మర్నాడంతా అతను తన పేజీ దిద్దుతూ కూర్చున్నాడు. ప్రతి మెషిన్ పక్కనా చివరిసారి ఎప్పుడు పలికిందో వచ్చేలా చేశాడు. గంట దాటి పలకకపోతే గడి బూడిద రంగులోకి మారుతుంది. తర్వాత, రాంనగర్ ఎప్పటి నుంచి పలకడం లేదో తేల్చడానికి సర్వర్‌లో పాత నమోదులన్నీ వెనక్కి తిప్పుకుంటూ పోయాడు. నేను నా టేబుల్ దగ్గర నుంచి వెనక్కి తిరిగి అతని తెర చూస్తున్నాను. ఒకచోట ఆగాడు. బంద్ రోజు, పొద్దున, నా పేరుతో లోపలికి వచ్చి, ల్యాబ్‌లు చివరిసారి ఎప్పుడు పలికాయో అడిగిన కమాండ్ అది. అతను చాలాసేపు దాన్నే చూశాడు. తల తిప్పి నన్ను ఒక్కసారి చూశాడు. మళ్లీ తెర వైపు తిరిగి పనిలో పడ్డాడు. ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు లేచి సార్ గదిలోకి పోతాడు అని సాయంత్రం దాకా కాచుకుని కూర్చున్నాను. పోతూ పోతూ, వస్తా అక్కా అన్నాడు, రోజూ అన్నట్టే.

మీటింగ్ మాత్రం ఆ వారమే పెట్టారు. కంప్యూటర్‌లోని లోపాల రిజిస్టర్ గోడమీద పడేలా పెట్టి సార్ ఒక్కొక్కటీ చదువుతున్నారు. రాంనగర్ వంతు వచ్చింది. రాసింది అతను. ఎవరు కనిపెట్టారు అనే గడిలో నా పేరు ఉంది. ఎప్పుడు కనిపెట్టారు అనే గడిలో బంద్ రోజు తారీఖు ఉంది. ఎలా సరిచేశారు అనే గడిలో అతను చేసిన పనంతా ఉంది, కింద సరిచేసిన రోజు తారీఖు.

గోడంత ఎత్తున ఆ రెండు తారీఖులు. మధ్యలో పందొమ్మిది రోజులు. ఎవరో ఒకరు తీసివేత చేస్తారు అని చూస్తున్నాను. సార్ నా పేరు దగ్గరే ఆగిపోయారు. చూసిన్రా, ఎంత రంగుల పేజీ ఉన్నా అనుభవం అనుభవమే అన్నారు. ఈ లోపం పట్టింది కూడా మేడమే అని మెచ్చుకుని, నన్ను చూసి నేర్చుకోమని అతనితో అన్నారు. వచ్చే నెల నుంచి నేనే టీమ్ లీడ్ అన్నారు. చప్పట్లు కొట్టారు. అతనూ కొట్టాడు.

మీటింగ్ అయ్యాక మెట్ల మీద అతన్ని పట్టుకున్నాను. భయపడాల్సింది పోయి కోపంగానే అడిగాను.

"ఆ తారీఖు ఎందుకు పెట్టినవ్?"

"కనిపెట్టింది ఆ రోజే గద అక్కా" అన్నాడు.

"మరి సార్‌కి చెప్పలేదేంది?"

"రాసి పెట్టిన గద" అన్నాడు. ఎగతాళి లేదు, కోపం లేదు. నేను నేర్పినట్టే తను చేశాడా లేదా అని చూస్తున్నట్టు ఉన్నాడు. టీ తాగుదాం రా అక్కా అన్నాడు. నేను పోలేదు.

అతను ఆ మాట నన్ను పొడవడానికి అన్నాడో, ఉన్నది ఉన్నట్టు అన్నాడో ఈనాటికీ తెలియదు. పొడవడానికే అని ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. అప్పుడు ఇద్దరం సమానం అయ్యేవాళ్లం. అంత అబద్ధం లేకుండా ఉండగలగడం చూసి కూడా నాకు కుళ్లే వచ్చింది. ఏడాది తిరిగాక అతను వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. వెళ్లేముందు మా అమ్మకు చెప్పి పోదామని ఇంటికి వచ్చాడట. నేను ఇంట్లో లేని వేళ చూసుకుని వచ్చాడేమో. ఆ అమ్మాయి పరీక్ష ఏమైందో కూడా నాకు తెలియదు. రాంనగర్‌కు ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది. చేయలేదు.

నేను లీడ్‌గా ఇంకో రెండేళ్లున్నాను. రెండు వేల పద్నాలుగులో పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టినప్పుడు, లోపాల రిజిస్టర్‌లోని వరసలన్నీ సరిగ్గా వచ్చాయో లేదో చూసే పని నేనే తీసుకున్నాను. ఒక మధ్యాహ్నం రాంనగర్ వరస తెర మీదికి వచ్చింది. నా పేరు, బంద్ రోజు తారీఖు, దాని పక్కన పందొమ్మిది రోజుల తర్వాతి తారీఖు. లీడ్‌ను కాబట్టి మార్చే అధికారం నాకుంది. ఒక్క అంకె దిద్దితే చాలు. గడి మీద నొక్కాను, కర్సర్ మినుకుమినుకుమంది. ఆ రిజిస్టర్‌లో ఏ గడి మార్చినా, మార్చింది ఎవరో, ఎప్పుడు మార్చారో, అంతకుముందు ఏముందో కిందే నమోదవుతుంది. మొదట్లో అతను తయారుచేసిన రిజిస్టర్‌లో ఆ ఏర్పాటు లేదు. అతను తన తప్పులు దిద్దుకుని దాచేస్తాడేమోనని, పట్టుబట్టి నేనే పెట్టించాను.